నిద్రలో మేలుకున్నదెవరు

తెల్లవారుజామున నాలుగున్నరకి రైలు. మూడున్నరకైనా లేవకపోతే అందుకోలేం. అలారం పెట్టి, అది మోగకపోతే ఎలాగని పక్క ఫోనులో ఇంకోటి పెట్టి పడుకుంటాం. తీరా ఆ రెండూ మోగకముందే మెలకువ వస్తుంది. చీకట్లో తడుముకుని చూస్తే మూడూ ఇరవై అయిదు. పడుకున్నది నేను, లేచింది నేను. ఆ నడుమ గంటల్లో, నేను లేనప్పుడు, మూడున్నర కోసం కాచుకుని కూర్చున్నదెవరు?

అలారాలు లేని రోజుల్లో మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాగే లేచేవారు. తొలికోడి కూస్తే లేచేవారంటాం. కానీ కోడి మాత్రం వెలుగు చూసి కూస్తుందా? జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు పుంజుల్ని పగలూ రాత్రీ తేడా తెలియని మసక వెలుతురులో ఉంచి చూశారు. తూర్పు ఎటో తెలియని ఆ గదిలో కూడా పుంజులు తమ లోపలి వేకువకి కూశాయి. 2013లో వెలువడిన ఈ పరిశోధన చెప్పేది ఒకటే. సూర్యుడు వస్తున్నాడని కోడికి సూర్యుడు చెప్పడు.

మనిషి సంగతి జర్మనీలోని ల్యూబెక్ విశ్వవిద్యాలయంలో తేలింది. యాన్ బోర్న్ బృందం పదిహేను మందిని ప్రయోగశాలలో పడుకోబెట్టి, ఒక రాత్రి ‘ఆరింటికి లేపుతాం’ అని, ఇంకో రాత్రి ‘తొమ్మిదింటికి లేపుతాం’ అని చెప్పింది. తొమ్మిదని చెప్పి, ఉన్నట్టుండి ఆరింటికే లేపేసిన రాత్రి కూడా ఉంది. వాళ్లు నిద్రలో ఉండగానే మధ్యమధ్య రక్తం తీసి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను కొలుస్తూ పోయారు. పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే ఈ హార్మోన్ శరీరాన్ని పగటి శ్రమకి సిద్ధం చేసేవాటిలో ఒకటి. ఆరింటికి లేవాలని తెలిసి పడుకున్న రాత్రి అది గంట ముందునుంచే పెరగసాగింది. తొమ్మిదనుకుని పడుకున్న రాత్రి, ఆరింటికి లేపబోతున్నా, ఆ పెరుగుదల లేదు. నేచర్ పత్రికలో 1999లో వచ్చిన ఈ ఫలితాన్ని చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పడుకోబోయే ముందు చెవిన పడ్డ ఒక మాటని, మనసు చీకట్లో మునిగిపోయాక కూడా, రక్తం గుర్తుపెట్టుకుంది.

మనలో మనకి తెలియని ఒకరున్నారన్న మాట మన తత్వచింతనలో పాతదే. ఈ అధ్యాయం ఆత్మ గురించి కాదు. అంతకంటే చాలా చిన్నవాడి గురించి. కాలం లెక్కపెట్టేవాడి గురించి. లెక్కపెట్టేవాడికి మాట రాదు. మాట వచ్చిన ‘నేను’కి లెక్క రాదు. ఈ ఇద్దరినీ విడదీసి చూడాలంటే మనిషిని గడియారానికీ సూర్యుడికీ అందని చోట పెట్టాలి. ఒక యువకుడు తనంతట తానే ఆ పని చేశాడు.

*

మిషెల్ సిఫ్ర్ ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 1939లో పుట్టాడు. చదివింది భూగర్భశాస్త్రం. ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దులోని ఆల్ప్స్ కొండల్లో, స్కారాసోన్ అనే లోతైన గుహలో నేలకింద గడ్డకట్టిన హిమానీనదం ఒకటుంది. దాన్ని పరిశీలించడానికి రెండు వారాలు లోపల ఉంటే చాలనుకున్నాడు. ఆలోచించేకొద్దీ రెండు వారాలు చాలవనిపించింది. రెండు నెలలు ఉంటే? చేతికి గడియారం లేకుండా ఉంటే? అప్పుడు పరిశీలన మంచు గురించి కాక మనిషి గురించి అవుతుంది. 1962 జులై 16న, 23 ఏళ్ల వయసులో, గడియారం పైనే వదిలేసి లోపలికి దిగాడు.

నూరు మీటర్లకు పైగా లోతు. మంచు మీద ఒక గుడారం, మడత మంచం, ఒక దీపం. చలి సున్నా డిగ్రీల దగ్గరే ఊగిసలాడుతుంది. గాలిలో ఎంత తేమంటే బట్టలు ఆరవు, పాదాలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఒంటి వేడి ఒక్కోసారి 34 డిగ్రీలకి పడిపోయేదని తర్వాత చెప్పాడు. గుహ ద్వారం దగ్గర మిత్రబృందం గుడారం వేసుకుని ఉంది. నడుమ టెలిఫోను తీగ. నియమం ఒక్కటే. లేచినప్పుడు, తిన్నప్పుడు, పడుకోబోయేటప్పుడు సిఫ్ర్ పైకి ఫోను చేస్తాడు. పైవాళ్లు ఆ సమయం రాసుకుంటారు గానీ, ఎంతయిందో అతనికి చెప్పరు. ఏ వేళకి ఫోను వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి పైవాళ్లు రాత్రింబగళ్లు వంతులవారీగా కాచుకున్నారు.

ఫోను చేసినప్పుడల్లా రెండు పనులు. ముందు నాడి చూసుకోవడం. తర్వాత ఒకటి నుంచి నూట ఇరవై దాకా, సెకనుకో అంకె చొప్పున, పైకి లెక్కపెట్టడం. అంటే సరిగ్గా రెండు నిమిషాలు. ఒకసారి అతను తన లెక్కలో సెకనుకో అంకె చొప్పునే చదువుకుంటూ పోయాడు. పైన గడియారం పట్టుకుని వింటున్నవాళ్లకి నూట ఇరవై వినబడేసరికి అయిదు నిమిషాలయింది. ఆ తీగకి ఈ చివరన ఉన్నవాళ్లని ఊహించుకోండి. గడియారం ముల్లు తిరుగుతోంది, మిత్రుడి గొంతు తాపీగా, ఏ అనుమానమూ లేకుండా అంకెలు చెబుతోంది, నోరు విప్పి సరిదిద్దే వీలు లేదు.

సెప్టెంబరు 14న పైనుంచి కబురు వచ్చింది, ప్రయోగం ముగిసిందని. సిఫ్ర్ నమ్మలేదు. అతని దినచర్య పుస్తకం ప్రకారం అది ఆగస్టు 20. ఇరవై అయిదు రోజులు మాయమయ్యాయి. మనసు ఆ రోజుల్ని గడిపింది కానీ జమ వేసుకోలేదు.

అసలు విశేషం పైవాళ్ల చీటీల్లో ఉంది. వాటిలో సిఫ్ర్ ఎప్పుడు పడుకున్నాడో, ఎప్పుడు లేచాడో వరసగా రాసి ఉంది. లెక్క వేస్తే అతని ఒక్కో రోజు, అంటే ఒక మెలకువ, ఒక నిద్ర కలిపి, సగటున ఇరవై నాలుగున్నర గంటలు. చీకట్లో, చలిలో, సూర్యుడి జాడ లేకుండా, రెండు నెలల పాటు శరీరం దాదాపు భూమి తిరిగే వేళలోనే తిరిగింది. కునుకు తీశాననుకున్నప్పుడు అతను నిజానికి రాత్రంతా నిద్రపోయి లేచాడు. ఒకే మనిషిలో ఒకరు ఇరవై అయిదు రోజులు పోగొట్టుకుంటే, ఇంకొకరు రోజుకి అరగంట మాత్రమే తప్పారు. ఆ రెండోవారి సంగతి మొదటివారికి చివరిదాకా తెలియలేదు.

*

పదేళ్ల తర్వాత సిఫ్ర్ మళ్లీ దిగాడు. ఈసారి 1972లో, అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో మిడ్‌నైట్ కేవ్ అనే గుహలోకి. 205 రోజులు. అక్కడ మరో వింత జరిగింది. ఉండుండి అతని రోజు రెట్టింపయ్యేది. ముప్పై ఆరు గంటల మెలకువ, పన్నెండు గంటల నిద్ర. అలాంటి రోజుకీ మామూలు రోజుకీ తేడా ఏమీ అనిపించలేదని బయటికి వచ్చాక చెప్పాడు. మన ఎరుక మీద మనకున్న నమ్మకాన్ని ఇంతగా కదిలించే సాక్ష్యం మరొకటి నాకు తెలియదు. ఒక పగలు మరో పగలుకి రెండింతలు ఉంటే కూడా, ఉన్నవాడికి తెలియలేదు.

ఇలాంటివాళ్లని జర్మనీలో యుర్గెన్ ఆషాఫ్, ర్యూట్గర్ వేవర్ ఇంకా నింపాదిగా పరిశీలించారు. మ్యూనిక్ దగ్గర ఆండెక్స్ అనే గ్రామంలో నేలలోపల గదులు కట్టి, 1964 నుంచి పాతికేళ్ల పాటు వందలమంది వలంటీర్లను గడియారం లేకుండా ఉంచారు. అక్కడ కొందరి రోజు ముప్పై గంటలు దాటింది. అయితే వాళ్ల ఒంటి వేడి ఎక్కి దిగే లయ మాత్రం ఆ సాగుడుకి లొంగక ఇరవై అయిదు గంటల దగ్గరే నిలిచింది. నిద్ర ఒక దారిన, ఒంటి వేడి ఒక దారిన. లోపల కూర్చున్నది ఒక్కరు కూడా కాదన్నమాట. గంటయిందనిపించినప్పుడు మీట నొక్కమని అడిగితే, ఎవరి పగలు ఎంత సాగిందో వాళ్ల ‘గంట’ కూడా అంత సాగింది. పది సెకన్లు చెప్పమంటే మాత్రం అందరూ మామూలుగానే చెప్పారు. చిన్న కాలానికి ఒక కొలత, పెద్ద కాలానికి వేరొక కొలత.

ఆండెక్స్ వలంటీర్లకి తమ దీపాలు తాము వేసుకునే వీలుండేది. ఆ వెలుతురే వాళ్ల లోపలి రోజుని కొంచెం పొడిగించింది. తర్వాత అమెరికాలో చార్లెస్ జైస్లర్ బృందం వెలుతురును జాగ్రత్తగా అదుపు చేసి 1999లో చెప్పిన లెక్క సగటున ఇరవై నాలుగు గంటల పదకొండు నిమిషాలు.

*

ఈ లెక్కగాడి చిరునామా దొరికింది 1972లోనే, సిఫ్ర్ టెక్సస్ గుహలో ఉన్న ఏడాదే. రెండు కళ్ల నుంచి వచ్చే నాడులు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోట, దానికి సరిగ్గా పైన, సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే జంట కణపుంజం ఉంది. అన్నీ కలిపి ఇరవై వేల నాడీకణాలు. దాన్ని తీసేస్తే ఎలుకకి రాత్రీ పగలూ లేకుండా పోతాయి. తినడం, తాగడం, పరుగెత్తడం చెల్లాచెదురవుతాయి.

ఇది నిజంగా గడియారమేనా, లేక గడియారానికి తీగ మాత్రమేనా? 1990లో మార్టిన్ రాల్ఫ్, మైఖేల్ మెనాకర్ బృందం దీనికి తిరుగులేని జవాబిచ్చింది. హ్యామ్‌స్టర్లలో పుట్టుకతోనే ఇరవై గంటల రోజున్న ఒక రకం వాళ్ల దగ్గర ఉంది. మామూలు హ్యామ్‌స్టర్‌కి ఆ కణపుంజాన్ని తొలగిస్తే దాని లయ పోయింది. ఇరవై గంటల రకం పిండం నుంచి అదే కణజాలం తెచ్చి అతికితే లయ తిరిగి వచ్చింది. వచ్చింది దాని సొంత లయ కాదు. ఇరవై గంటల లయ. ఒక ప్రాణి రోజుని ఇంకో ప్రాణి తలలో నాటారు. ఆ హ్యామ్‌స్టర్ ఆనాటి నుంచి వేరొకరి కాలంలో బతికింది.

ఒక్కో కణం లోపల జరిగేది ఇంకా ఆశ్చర్యం. సీమోర్ బెంజర్, అతని విద్యార్థి రొనాల్డ్ కొనోప్కా 1971లో పండు ఈగల్లో ఒకే జన్యువుకి మూడు రకాల మార్పులు కనిపెట్టారు. ఒక మార్పుతో ఈగ రోజు పందొమ్మిది గంటలకి తగ్గింది, ఒకదానితో ఇరవై ఎనిమిదికి పెరిగింది, మూడోదానితో లయే లేకుండా పోయింది. ఆ జన్యువు తయారు చేయించే ప్రోటీన్ రాత్రి పొద్దుపోయేకొద్దీ పోగవుతుంది. పోగయి, కణకేంద్రకంలోకి వెళ్లి, తనని తయారు చేయిస్తున్న జన్యువునే ఆపుతుంది. ఎసరు పొంగి తన కింది మంటను తానే ఆర్పుకున్నట్టు. ఉన్న ప్రోటీన్ మెల్లగా విరిగిపోతుంది, అడ్డు తొలగుతుంది, జన్యువు మళ్లీ పని మొదలుపెడుతుంది. ఈ చుట్టు తిరగడానికి పట్టే సమయమే ఒక రోజు. దీన్ని విప్పి చెప్పిన జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి బెంజర్ లేడు, కొనోప్కా కూడా లేడు. కొనోప్కా పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలని నా కోరిక.

పదకొండు నిమిషాల తేడాని రోజూ సరిదిద్దేది వెలుతురు. అది కంట్లోంచే రావాలి, కానీ చూపుతో పని లేదు. చూపు పూర్తిగా పోయినవాళ్లలో కొందరికి కంటి మీద గట్టి వెలుతురు వేస్తే, రాత్రి హార్మోన్ మెలటోనిన్ తగ్గుతుందని జైస్లర్ బృందం 1995లో చూపింది. కళ్లు మూసి కడితే తగ్గలేదు. వాళ్లని అడిగితే వెలుతురేమీ కనిపించలేదన్నారు. రెటీనాలో చూడటానికి కాక, పగలో రాత్రో చెప్పడానికే ఉన్న కణాలున్నాయని 2002లో స్పష్టమైంది. 2007లో ఎనభై ఏడేళ్ల అంధురాలు ఒకామెను, కనిపించకపోయినా సరే, నీలి దీపం ఇప్పుడు వెలిగిందా, తర్వాత వెలిగిందా ఊహించి చెప్పమన్నారు. ఆమె సరిగ్గా చెప్పింది.

చూడని కన్ను. నిద్రపోని నిద్ర. ‘నేను’ అనే గది వెనక గదులున్నాయి, వాటిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

*

మరి మనసు ఏ కొలతతో కాలాన్ని కొలుస్తుంది? జ్ఞాపకంతో.

హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి మూర్ఛ తగ్గించడానికి 1953లో మెదడు శస్త్రచికిత్స చేసి, రెండు పక్కలా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కొత్త జ్ఞాపకం పుట్టడం కూడా అక్కడితో ఆగిపోయింది. గదిలోకి వచ్చిన మనిషి వెళ్లి మళ్లీ వస్తే, అది కొత్త పరిచయమే. 2008లో కన్నుమూసేదాకా, 55 ఏళ్లు, అతను అలాగే ఉన్నాడు. సెకన్లలో అంచనా చెప్పమంటే ఇరవై సెకన్ల దాకా అందరిలాగే చెప్పేవాడు. అది దాటితే తగ్గిపోయేది. ఆ తగ్గుదలని బట్టి విట్మన్ రిచర్డ్స్ 1973లో ఒక లెక్క కట్టాడు. మన గంట హెన్రీకి మూడు నిమిషాలు, మన రోజు పావుగంట, మన ఏడాది మూడు గంటలు.

అదే హెన్రీకి బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఒక నక్షత్రం బొమ్మ ఇచ్చి, దాని రెండు గీతల నడుమ పెన్సిల్ నడపమంది. చేతిని నేరుగా చూడకూడదు, అద్దంలో మాత్రమే చూడాలి. మొదటిరోజు పెన్సిల్ మాటిమాటికీ గీత దాటింది. మూడోరోజుకి దాదాపు తప్పు లేకుండా సాగింది. మూడు రోజులూ ఆ బొమ్మని మొదటిసారి చూస్తున్నాననే అనుకున్నాడు. చేతికి నిన్న ఉంది, హెన్రీకి లేదు.

సిఫ్ర్ పోగొట్టుకున్న రోజుల రహస్యం కూడా ఇదేనని నా నమ్మకం. అతని జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు, కానీ అది పట్టుకోవడానికి గుహలో ఏమీ లేదు. నిన్నకీ మొన్నకీ నడుమ ఒక పండగో, ఒక ఉత్తరమో, ఒక తగవో నిలబడితేనే మనసు వాటిని రెండు రోజులుగా గుర్తిస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్నవాళ్లందరికీ ఇది అనుభవమే. గడుస్తున్నప్పుడు ఒక్కో మధ్యాహ్నం తెమలలేదు. గడిచాక చూసుకుంటే నెలలకి నెలలు పోగై ఒక్క ముద్దగా కనిపించాయి.

*

లోపలివాడిని మనం గౌరవించడం లేదు. హైదరాబాదులో పొద్దుగూకాక క్యాబ్ ఎక్కి ఆఫీసుకి పోయి, అమెరికా పగటికి పనిచేసి, తెల్లారాక ఇంటికి వచ్చి కర్టెన్లు వేసుకుని పడుకునే పిల్లలు ఎందరో. ఆసుపత్రుల్లో నర్సులు, రాత్రి బస్సుల డ్రైవర్లు అంతకు ముందునుంచే ఉన్నారు. అమెరికాలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి డాలస్‌లో దిగిన తల్లిదండ్రులు అర్ధరాత్రి వంటింట్లో కూర్చుని పప్పన్నం తింటారు. వాళ్లకి వారం పది రోజుల్లో సర్దుకుంటుంది, ఎందుకంటే లోపలి గడియారం రోజుకి ఇంచుమించు గంట చొప్పున జరగగలదు, అక్కడి సూర్యుడు తోడుంటాడు. రాత్రి షిఫ్టువాళ్లకి సూర్యుడు తోడుండడు. ఇంటికి వచ్చే దారిలో ఎదురుపడి, జరిగిన కాస్త సర్దుబాటునీ చెరిపేస్తాడు. కాలేయానికి, పేగులకి కూడా సొంత గడియారాలున్నాయి. రాత్రి రెండింటికి తిన్న బిర్యానీ వాటికొక వేళ చెబుతుంది, మెదడుకి వెలుతురు ఇంకో వేళ చెబుతుంది. రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో ప్రకటించి, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది. జీతంతో పాటు ఈ సంగతి కూడా చెప్పి ఉద్యోగంలోకి తీసుకోవడం యజమానుల బాధ్యత.

*

టెక్సస్ గుహలో సిఫ్ర్‌కి ఒంటరితనం మోయలేని బరువైంది. ఒక చిట్టెలుక అలికిడి వినబడితే, దాన్ని మచ్చిక చేసుకుందామని వంటగిన్నె బోర్లించి పట్టబోయాడు. గిన్నె అంచు తగిలి అది చచ్చిపోయింది. ఆ తర్వాత అతను రాసుకున్నదంతా శోకం. వెలుతురు లేకపోవడం ఒక్కటే కాదు, సాటి ప్రాణి లేకపోవడం కూడా గుహే.

సాటి ప్రాణి లోపలి గడియారాన్ని తాకగలదా అని మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్, జి. మారిముత్తు తమ సహచరులతో కలిసి అడిగారు. మదురై చుట్టుపక్కల గుహల్లో ఒక చిన్న జాతి గబ్బిలాలు గుంపుగా ఉంటాయి. సాయంత్రం అన్నీ కలిసి బయటికి ఎగిరి, తెల్లారేలోగా తిరిగి వస్తాయి. వెలుతురు అందని లోతులో ఒక గబ్బిలాన్ని బోనులో ఉంచారు. చుట్టూ దాని జాతివాళ్లు స్వేచ్ఛగా వెళ్లివస్తున్నంతకాలం, సంధ్య చూడకపోయినా, బోనులోది కూడా రోజూ సంధ్యవేళకే రెక్కలాడించింది. గుంపు లేని గుహలో ఒంటరిగా ఉంచితే దాని వేళ రోజురోజుకీ పక్కకి జరిగిపోయింది. 1981లో ఈ ఫలితాన్ని ప్రచురించాక వాళ్లు ఇంకో ప్రశ్న వేశారు. ఆ రెక్కల చప్పుడు, ఆ కూతలు, ఆ గాలి కదలిక ఏ గబ్బిలానికైనా చాలునా? అదే గుహలో, అదే గుంపు నడుమ, వేరే కుటుంబానికి చెందిన గబ్బిలాన్ని ఉంచారు. రోజూ సాయంత్రం గుహంతా లేచి బయటికి పోతూనే ఉంది. ఆ గబ్బిలం లోపలి రోజు దాన్ని పట్టించుకోకుండా తన దారిన తాను జరిగిపోయింది.